కొత్త రంగు పడిన పాత గిటారు: అమ్మేటప్పుడు ఏం చెప్పాలి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పాత ఎలక్ట్రిక్ గిటార్ల అమ్మకం, కొనుగోళ్ళపై మీ సందేహాలకు జవాబులు చెప్పడానికి మరమ్మతు నిపుణులొకరు మనతో ఉన్నారు. మొదటి శ్రోత లైనులో ఉన్నారు. అడగండి.

శ్రోత: నమస్కారమండీ. నా దగ్గర ఫెండర్ కంపెనీ వారి ఎర్రరంగు స్ట్రాటోకాస్టర్ గిటారు ఉంది. దాని నెక్, అంటే పొడవాటి మెడభాగం, అడుగున 1964 నాటి ముద్ర ఉంది. రంగు కూడా అప్పటిదేనని నాకు అమ్మినవారు అన్నారు గానీ, ముందువైపు ఉండే పలక, పిక్‌గార్డ్, విప్పి చూస్తే ఎరుపు కింద సన్‌బర్స్ట్, అంటే మధ్యలో లేతగా అంచుల్లో ముదురుగా ఉండే రంగు, కనిపిస్తోంది. దీన్ని ఒరిజినల్ అని చెప్పి అమ్మవచ్చా?

నిపుణుడు: ఇప్పుడే అలా అనకండి, అలాగని కాదనీ తేల్చేయకండి. అప్పటికే సన్‌బర్స్ట్ వేసి ఉన్న బాడీల మీద ఫెండర్ కర్మాగారమే కొన్నిసార్లు వేరే రంగు వేసింది కాబట్టి, కింద ఇంకో రంగు కనిపించినంత మాత్రాన తర్వాత ఎవరో వేశారని నిరూపణ కాదు. నెక్ మీది ముద్ర కూడా ఆ నెక్ గురించి మాత్రమే చెబుతుంది. నెక్‌ను, సీరియల్ నంబరున్న ప్లేటును పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలే కదా, వాటిని విప్పి మరో బాడీకి బిగించడం ఎవరికైనా సాధ్యమే.

శ్రోత: మరి బాడీ సంగతి ఎలా తెలుసుకోవాలండీ?

నిపుణుడు: ముందు మేకు గుర్తులు వెతకండి. 1960ల మధ్య వరకు ఫెండర్‌లో బాడీకి చిన్న మేకులు కొట్టి, వాటిపై నిలిపి పెయింట్ చేసి, ఆరాక మేకులు పీకేసేవారు. అందువల్ల ఆ రంధ్రాల లోపల పచ్చి చెక్క కనిపించాలి. లోపలికి రంగు దిగి ఉంటే, లేదా రంధ్రాలు పూడిపోయి ఉంటే, అనుమానం బలపడుతుంది. ఆ తర్వాత నెక్ అమరే గుంట చూడండి. పెయింట్ చేసేటప్పుడు పట్టుకోవడానికి అక్కడ ఒక కర్ర బిగించేవారు కాబట్టి, 1964 నాటి బాడీలో ఆ మేర రంగు పడకుండా మిగిలి ఉండాలి. మూడోది, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూడటం: వయసు మీరిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ అనే మెరుపు పూత పసుపుపచ్చగా మెరుస్తుంది, ఇటీవలి పూత సాధారణంగా అలా మెరవదు. ద్రావకంతో తుడిచి పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు గానీ, అది మంచి పద్ధతి కాదు. పై లక్కర్ పాడవుతుంది. పైగా ఆ కాలపు ఫెండర్ అడుగు పూత ద్రావకానికి లొంగదు కనుక, అసలు పూతనే కొత్తదని పొరబడే ప్రమాదం ఉంది.

శ్రోత: లోపలి పాట్‌ల మీద, అంటే శబ్దం, టోన్ సర్దే నాబ్‌ల కింది భాగాల మీద, అంకెలున్నాయి. అవి పనికొస్తాయా?

నిపుణుడు: పనికొస్తాయి, ఒక హద్దు వరకు. 304తో మొదలైతే స్టాక్‌పోల్ కంపెనీ, 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీ తయారీ. తర్వాతి అంకెలు సంవత్సరాన్ని, వారాన్ని చెబుతాయి. ఉదాహరణకు 304-6412 అంటే 1964లో పన్నెండో వారం. అయితే ఇది ఆ భాగం ఎప్పుడు తయారైందో చెబుతుందే గానీ, గిటారులో ఎప్పుడు బిగించారో చెప్పదు. కర్మాగారాలు భాగాలను నిలవ ఉంచుకునేవి. టంకం అతుకులు కదిలించినట్టుంటే ఆ సాక్ష్యానికి విలువ ఇంకా తగ్గుతుంది.

శ్రోత: ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే?

నిపుణుడు: తేలలేదని రాయండి. రీఫినిష్ చేసిన, అంటే తర్వాత మళ్ళీ రంగు వేసిన, గిటారుకు అసలు రంగున్నదానితో పోలిస్తే దాదాపు సగం ధరే పలుకుతుందని వ్యాపారులు లెక్కగడతారు. అందుకే కొందరు «నాకు తెలిసినంతవరకు ఒరిజినల్» అని రాసి చేతులు దులుపుకుంటారు. చూడవలసినవి చూడకుండా ఆ మాట రాయడం, నా దృష్టిలో, అబద్ధానికి మర్యాదైన వేషం. మీరు ప్రకటన మొదటి వాక్యంలోనే ఇలా చెప్పవచ్చు: «ఎరుపు కింద సన్‌బర్స్ట్ ఉంది; పై రంగు కర్మాగారానిదో, తర్వాతిదో నిర్ధారణ కాలేదు; నెక్‌పై 1964 ముద్ర ఉంది; బాడీపై తేదీ దొరకలేదు.» నెక్ గుంట, మేకు గుర్తులు, పాట్‌ల అంకెలు, అతుకుల ఫొటోలు జతచేయండి. నెక్ మీది లోహపు కమ్మీలు, ఫ్రెట్లు, మార్చి ఉంటే అదీ రాయండి. రసీదులో కూడా అవే మాటలు ఉండాలి. మీ దగ్గర కొన్నవారు రేపు మరొకరికి అమ్మేటప్పుడు మీ నోటిమాట వెంట రాదు.

వ్యాఖ్యాత: మరో శ్రోత.

రెండో శ్రోత: నమస్కారం సార్. నా గిటారుకు రంగు తర్వాత వేసిందేనని ఖాయమైంది. దాన్ని గీకేసి, పాత రంగులో మళ్ళీ వేయించి, పాతదిలా పగుళ్ళు తెప్పించి అమ్మితే?

నిపుణుడు: వాయించుకోవడానికైతే మీ ఇష్టం. ధర పెరుగుతుందని మాత్రం చేయకండి, అది రెండోసారి రీఫినిష్ అవుతుంది, అంతే. కింద అసలు రంగు మిగిలి ఉంటే పై పొరను మాత్రం జాగ్రత్తగా తొలగించగల నిపుణులున్నారు; గీకడానికి ముందు వారికి చూపించండి. వారు తొలగించినా, ఆ పని జరిగిందనీ, ఎక్కడెక్కడ రంగు సరిదిద్దారో కూడా ప్రకటనలో రాయాలి. కృత్రిమంగా పగుళ్ళు తెప్పించి ఆ సంగతి దాచడమంటే మోసమే.