డీజిల్‌కి రెండు రూపాయలు, అడుగుకి నూట యాభై!

2025 అక్టోబరులో బెంగళూరు తెలుగు శ్రోతల కోసం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమంలోని కొంత భాగం ఇది. ఇంటి పనుల మీద ప్రశ్నలకు ఒక సివిల్ ఇంజనీరు జవాబిచ్చారు.

యాంకర్: హొరమావు నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. మాది ముప్పై-నలభై సైటు. కింద ఒకటి, పైన ఒకటి, మొత్తం రెండు వేల చదరపు అడుగులు. ఫిబ్రవరిలో మెటీరియల్‌తో కలిపి అడుగుకి 2,100 చొప్పున మాట్లాడుకున్నాం. మొదటి శ్లాబు పడింది. ఇప్పుడేమో కాంట్రాక్టరు, డీజిల్ పెరిగింది మేడమ్, అడుగుకి ఇంకో 150 వేయండి అంటున్నాడు. కాదంటే పని ఆపేస్తాడేమోనని టెన్షన్‌గా ఉందండీ.

ఇంజనీరు: నూట యాభై అంటే మూడు లక్షలమ్మా. అగ్రిమెంటులో ఏం రాసుకున్నారు?

శ్రోత: ఒక పేజీయే అండీ. చివర్లో 'ధరలు పెరిగినచో రేటు మారును' అని ఒక లైనుంది.

ఇంజనీరు: కొంప ముంచేది ఆ లైనే. ఏ ధర? ఎంత పెరిగితే ఎంత మారును? సరే, పెన్ను ఉందా? రాసుకోండి. ఏప్రిల్ 1న కర్ణాటకలో డీజిల్ మీద అమ్మకపు పన్ను 21.17 శాతానికి పెంచారు. దాంతో లీటరుకు పెరిగింది రెండు రూపాయలు. మీ ఇంటికి ఎం-శాండ్ అనే రాతి ఇసుక, కంకర, బ్లాకులు, కమ్మీలు అన్నీ కలిపి ఓ నలభై లోడ్లు అనుకుందాం. క్వారీ అరవై కిలోమీటర్ల దూరమైతే రానూ పోనూ నూట ఇరవై. లీటరుకు మూడు కిలోమీటర్లు వేస్తే లోడుకు 40 లీటర్లు. నలభై లోడ్లకి 1,600 లీటర్లు. లీటరుకు రెండు రూపాయల చొప్పున?

శ్రోత: మూడు వేల రెండొందలు. అంతేనా అండీ!

ఇంజనీరు: రవాణా వరకు అంతే. లీటరుకు పది రూపాయలు పెరిగిందనుకున్నా పదహారు వేలు దాటదు.

శ్రోత: సిమెంటు, పైపులు కూడా దానివల్లే పెరిగాయన్నాడండీ.

ఇంజనీరు: అందులో కొంత నిజముంది. సిమెంటు బట్టీలో సరుకు 1,450 డిగ్రీల దాకా కాగాలి. అందుకు బొగ్గు, పెట్‌కోక్ మండిస్తారు. పెట్‌కోక్ అంటే ముడి చమురు శుద్ధి చేశాక మిగిలేదే. పీవీసీ పైపులకు, పెయింట్లకు కూడా చమురుతో చుట్టరికం ఉంది. మోర్బీ టైల్స్ అయితే గ్యాస్ బట్టీలో కాలి, గుజరాత్ నుంచి లారీలో రావాలి. కాకపోతే బంకులో రేటు మారిన మర్నాడే ఇవన్నీ పెరిగిపోవు. మీకు సుమారు 800 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తాకి ఇరవై పెరిగినా పదహారు వేలు. అన్నట్టు, సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ మాట ఎత్తాడా ఆయన?

శ్రోత: (నవ్వు) ఎత్తలేదండీ.

ఇంజనీరు: ఎత్తడు. ఫిబ్రవరి బిల్లులు, ఇప్పటి బిల్లులు పక్కపక్కన పెట్టమనండి. తేడా ఉంటే ఆ తేడా ఇవ్వండి, అదీ మిగిలిన పనికే. పడిపోయిన శ్లాబుకి పైసా వద్దు. పోట్లాటకి మాత్రం దిగకండమ్మా, సగంలో మనిషిని మారిస్తే అంతకంటే ఎక్కువ వదులుతుంది.

యాంకర్: హొసకోటె నుంచి ఇంకొకరు. చెప్పండి సార్.

శ్రోత: బోరు వేయిద్దామనుకుంటున్నా సార్. బోరు బండి వాళ్ళూ డీజిల్ అనే చెప్తున్నారు.

ఇంజనీరు: వాళ్ళ మాట నమ్మొచ్చు. ఆ కంప్రెసర్ డీజిలే తాగుతుంది, ఖర్చులో పెద్ద వాటా దానిదే. మీవైపు వెయ్యి అడుగులు దాటడం మామూలు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. మొదటి మూడొందల అడుగుల రేటు విని మురిసిపోకండి. 1,200 అడుగుల దాకా ఏ లోతుకి ఎంతో, బోరు గోడ కూలకుండా దింపే కేసింగ్ పైపుకి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

యాంకర్: మాలూరు నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

శ్రోత: సార్, టిప్పర్ నాదే, నడిపేదీ నేనే. ఇందాక ఆ అమ్మకి మీరు చెప్పిన లెక్క తప్పు సార్.

ఇంజనీరు: ఎక్కడ తప్పిందన్నా?

శ్రోత: లోడు మీద మూడు కిలోమీటర్లు ఎక్కడొస్తుంది సార్? రెండొస్తే గొప్ప. పొద్దున పూట సిటీలోకి మమ్మల్ని వదలరు, ఇప్పుడు కూడా కె.ఆర్. పురం ఇవతల రోడ్డు పక్కన పెట్టుకొనే మాట్లాడుతున్నా. సందులోకి పోతే రెండు పక్కలా కార్లు, పైన కరెంటు తీగ. బండి తిప్పి, తొట్టి ఎత్తి, గుమ్మరించేదాకా ఇంజను ఆపేది లేదు. మొన్నొక సందులో అరగంట హారన్ కొట్టినా కారు ఓనరు దిగి రాలేదు.

ఇంజనీరు: ఒప్పుకుంటా. లోడుకి అరవై లీటర్లు వేద్దామా? అప్పుడు 2,400 లీటర్లు, 4,800 రూపాయలు.

శ్రోత: అదీ లెక్క. మిగతాది మాకు రాలేదని ఆ అమ్మకి చెప్పండి సార్.

యాంకర్: ఒక్కమాటన్నా. 2024 మార్చిలో డీజిల్ రెండు రూపాయలు తగ్గింది. అప్పుడు లోడు రేటు తగ్గించారా?

శ్రోత: (నవ్వు) అబద్ధమెందుకు సార్, తగ్గించలేదు. టైర్లకి పోయింది. ఇంకొకటి చెప్పండి మీ వాళ్ళకి. సగం లోడు, పావు లోడు అని తెప్పించుకుంటారు చూడండి, దానికీ బాడుగ మొత్తం పడుతుంది. సరుకు సగమే కదా అని సగం డీజిల్‌తో రాలేం కదా. పక్క సైటు వాళ్ళతో కలిసి నిండు లోడు... ఆ, ముందు బండ్లు కదిలాయి సార్. పెట్టేస్తున్నా.