కప్పల పెట్టెలో వెలుగు, వెచ్చదనం: శ్రోతల ప్రశ్నలు

యాంకర్: అమెరికాలోని తెలుగు శ్రోతలకు నమస్కారం. ఇంట్లో కప్పల్ని పెంచుకుంటున్నవాళ్ల ప్రశ్నలకు ఈరోజు వెటర్నరీ డాక్టరుగారు జవాబులు చెబుతారు. మొదటి కాల్ డాలస్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయికి వైట్స్ ట్రీ ఫ్రాగ్ కొనిచ్చాం. షాపులో 100 వాట్ల ఎర్ర బల్బు ఇచ్చి, రాత్రీ పగలూ వేసి ఉంచమన్నారు. వారం నుంచి కప్ప కొమ్మ ఎక్కట్లేదు. నీళ్ల గిన్నెలోనే కూర్చుంటోంది. ఆకుపచ్చగా ఉండేది గోధుమ రంగుకి తిరిగింది.

డాక్టర్: ఆ బల్బు ఇప్పుడే ఆపేయండమ్మా. బల్లులకు వాడే సామాను కప్పకు పెడితే వచ్చే ఇబ్బందే ఇది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. రంగు ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం, చలేసినా బెదిరినా అది గోధుమ రంగుకి తిరుగుతుంది. కానీ గిన్నె వదలట్లేదంటే ఒళ్లు ఎండిపోతోందని నా అనుమానం. ఎర్ర వెలుగు కప్పకు కనబడదని చెబుతుంటారు, అది నమ్మకండి. రాత్రి దానికి చీకటి కావాలి. లోపల వేడి ఎంతుందో కొలిచారా?

శ్రోత: గాజుకి అంటించే గుండ్రటి మీటరు ఉందండీ. 80 చూపిస్తోంది.

డాక్టర్: అది అంటించిన చోటు సంగతే చెబుతుంది. వైరు చివర ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చుకోండి. ఒకటి పై కొమ్మ దగ్గర, ఒకటి కింద మట్టి దగ్గర. పగలు 75 నుంచి 82 ఫారెన్‌హీట్, పై కొమ్మ దగ్గర కూడా 85 దాటకూడదు. రాత్రి 68 నుంచి 72. మీ ఇల్లే 75 ఉంటే హీటరు అక్కర్లేదు.

శ్రోత: చలికాలం రాత్రి 64కి పడిపోతుందండీ.

డాక్టర్: అప్పుడు 60 వాట్ల సెరామిక్ హీటరు చాలు. వెలుగు రాదు, వేడే వస్తుంది. పింగాణీ హోల్డరులోనే బిగించండి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. జాలీ మూతకి పైన, పెట్టె బయటే ఉండాలి. లోపల ఉంటే కప్ప ఎగిరి దానికి అతుక్కుంటుంది, వేళ్ల చివరి మెత్తలు కాలిపోతాయి. సెరామిక్ గాలిని ఎండబెడుతుంది కాబట్టి తేమ 50 శాతానికి తగ్గకుండా చూసుకోండి.

థర్మోస్టాట్, అంటే వేడి చాలగానే హీటరుని ఆపే పరికరం, అది లేకుండా మాత్రం ప్లగ్గు పెట్టొద్దు. దాని ప్రోబ్‌ని కప్ప పడుకునే పై కొమ్మకు జిప్ టైతో కట్టేయండి. సక్షన్ కప్పుతో గాజుకి అతికిస్తే తేమకి ఊడుతుంది. ఊడి నీళ్ల గిన్నెలో పడిందనుకోండి. నీళ్లు చల్లగా ఉంటాయి, థర్మోస్టాట్ ఇంకా వేడెక్కలేదనుకుని హీటరుని ఆపదు. పైన నిద్రపోతున్న కప్ప ఉడికిపోతుంది. థర్మామీటరు విడిగా ఉండాలన్నది అందుకే.

శ్రోత: వెలుగుకి కిటికీ దగ్గర పెడితే సరిపోదా అండీ?

డాక్టర్: వద్దమ్మా. ఎముకల బలానికి కావాల్సిన యూవీబీ అనే ఎండ కిరణాల్ని కిటికీ అద్దం దాదాపు లోపలికి రానివ్వదు, వేడిని మాత్రం రానిస్తుంది. ఎండలో ఆపిన కారులాగా అయిపోతుంది ఆ పెట్టె. 5 లేదా 6 శాతం అని రాసి ఉండే టీ5 రకం, అంటే సన్నటి, యూవీబీ ట్యూబు జాలీ మీద పెట్టండి. కొమ్మకీ ట్యూబుకీ అడుగు దూరం, పగలు 12 గంటలు, టైమరు మీద. జాలీ కొంత యూవీని ఆపేస్తుంది, ఆ దూరం అది లెక్కలో పెట్టుకునే చెబుతున్నా. సగం పెట్టె ఆకుల నీడలో ఉండాలి, ఎంత వెలుగు కావాలో కప్పే చూసుకుంటుంది. వెలుగుతూనే ఉన్నా యూవీ తగ్గిపోతుంది కనుక ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. యూవీబీ ఉంది కదా అని మేతగా వేసే పురుగులకు కాల్షియం పొడి అద్దడం మానకండి. కింది దవడ మెత్తబడినా, కాళ్లు వణికినా ఎముకలు బలహీనపడుతున్నట్టే, వెంటనే డాక్టరుకి చూపించాలి.

యాంకర్: ఎడిసన్ నుంచి ఒక బాబు లైన్లో ఉన్నాడు.

శ్రోత: నమస్తే అంకుల్. నాది ప్యాక్‌మ్యాన్ ఫ్రాగ్. హీట్ మ్యాట్ పెట్టె కిందే వేశాం. అది రోజూ మట్టిలోకి దూరిపోతోంది.

డాక్టర్: నాన్నా, ఈ కప్పకు వేడెక్కితే మట్టిలోకి తవ్వుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. అడవిలో కిందికి వెళ్లేకొద్దీ చల్లదనం. నీ పెట్టెలో కిందికి వెళ్లేకొద్దీ మ్యాట్ దగ్గరవుతోంది. అది తప్పించుకుందామని తవ్వుతుంది, ఇంకా కాలుతుంది. ఈరోజే నాన్నగారితో కలిసి మ్యాట్‌ని ప్లగ్గు తీసి, పక్క గోడకి బయటివైపు, మట్టి మట్టానికి పైన అంటించండి. గోడలో మూడో వంతు చాలు. ప్రోబ్ మ్యాట్‌కీ గాజుకీ మధ్య, థర్మోస్టాట్ 82 మీద. కొబ్బరి పొట్టు నాలుగంగుళాల మందం వేయి. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, నీళ్లు కారకూడదు.

శ్రోత: ఎప్పుడైనా మరీ వేడెక్కి కదలకపోతే?

డాక్టర్: క్లోరిన్ తీసిన, గది వేడిలో ఉన్న నీళ్లు లోతులేని పళ్లెంలో పోసి, గడ్డం మునగకుండా కూర్చోబెట్టు. ఐసు వెయ్యకు. అమ్మనో నాన్ననో వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యమను.

యాంకర్: చివరి ప్రశ్న, ఫోన్లో రాసి పంపారు. ఫైర్ బెల్లీడ్ టోడ్‌కి హీటరు కావాలా?

డాక్టర్: మామూలు ఇంట్లో అక్కర్లేదు. 65 నుంచి 78 వాటికి హాయి. వేసవిలో చల్లగా ఉంచడమే అసలు పని. ఒక్కటి మాత్రం అందరూ ఇప్పుడే చూసుకోండి. పెట్టె నుంచి ప్లగ్గుకి వెళ్లే ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లాలి. నీళ్లు స్ప్రే చేసినప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు.