సంఘం పుస్తకాలు రాసే చేతికి ఏమేం వచ్చు?

శ్రోతలందరికీ నమస్కారం.

ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లల్ని "నీకేం వచ్చమ్మా?" అని అడిగితే చాలామంది తలదించుకుని, "పెద్దగా ఏం రాదండీ, ఇంటర్ వరకే చదివాను" అంటారు. చదువు సంగతి చెబుతారు గానీ, చేతనైన పని సంగతి చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే.

డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసే అమ్మాయినే చూడండి. మీటింగులో హాజరు వేయాలి. ఎవరెంత పొదుపు కట్టారో, ఎవరి అప్పులో అసలెంత, వడ్డీ ఎంత జమైందో రాయాలి. తీర్మానం చదివి వినిపించి సంతకాలు పెట్టించాలి. పది రూపాయల తేడా వచ్చినా అది దొరికేదాకా ఎవరూ లేవరు. ఒకావిడ ఈ నెల కిస్తీ కట్టలేకపోతే ఆమె నొచ్చుకోకుండా, మిగతావాళ్లు గొడవ పడకుండా సర్దిచెప్పాలి. బ్యాంకులో లోను గురించి మాట్లాడేదీ చాలాచోట్ల ఈ అమ్మాయే.

ఇన్ని పనులు చేసే మనిషి బయోడేటాలో మాత్రం "కష్టపడే తత్వం, నిజాయతీ" అని రాసి ఊరుకుంటుంది. ఆ మాటలు అందరూ రాసేవే. "మూడేళ్లుగా 12 మంది సభ్యుల పొదుపు, అప్పుల లెక్కలు రాస్తున్నాను, నెలనెలా బ్యాంకు పాస్‌బుక్‌తో సరిచూస్తాను" అని రాస్తే చదివేవాళ్లు ఆమెను పిలిచి మాట్లాడాలనుకుంటారు.

అందుకని ఒక నోటుబుక్కు తీసుకుని, పోయిన నెలలో మీరు చేసిన పనులన్నీ రాయండి. నాన్న కొట్లో సరుకు లెక్క చూడటం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, ఏదీ వదలొద్దు. ఇరుగుపొరుగు ఏ పని పడితే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారో అది కూడా రాయండి. మన నేర్పు మనకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఇక లోటు సంగతి. ఆ అమ్మాయికి లెక్క తెలుసు, కంప్యూటర్ తెలియదు. ఒక నెల సంఘం లెక్కను ఎక్సెల్‌లో ఎక్కించి చూస్తే సగం భయం పోతుంది. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే టెన్షన్ పడేవాళ్లు ఆ జవాబును ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

తాపీ మేస్త్రీలు, టైలర్లలో ఎక్కువమంది పని చేస్తూనే పని నేర్చుకున్నారు. అలాంటివాళ్ల కోసం 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ అనే ఏర్పాటు ఉంది. వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. కొత్తగా నేర్చుకోవాలనుకునే గ్రామీణ యువతకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ శిక్షణ కేంద్రాలున్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన ప్రయత్నమే వీటికి నమూనా. శిక్షణతో పాటు వసతి, భోజనం కూడా ఉచితం. మీ జిల్లాలో ఈ శిక్షణ కేంద్రం ఎక్కడుందో, ఇప్పుడు ఏ బ్యాచ్‌లో చేర్చుకుంటున్నారో మీ బ్యాంకు బ్రాంచిలో అడగండి. సెలవు.