అడిగితేనే వచ్చే నెట్టు

సర్పంచ్ గారికి, పెద్దలకి, ఎండలో నిలబడి వింటున్న అమ్మలకి నమస్కారం.

ఉదయగిరి దాటి సీతారామపురం వైపు వెలిగొండల కిందికి పోయేకొద్దీ ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి, అది మీకు నేను చెప్పాలా? ఉపాధి పనికాడ రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి మేటు సాయంత్రం గుట్టెక్కుతాడు, అవి పోయేదాకా మనకు కూలి టెన్షన్.

పల్లెకు నెట్టు లైను వేయడానికి డబ్బులు అడుగుదామంటే "ప్రభుత్వం దగ్గర యాడుంది" అంటారు కొందరు. ఉంది. లాభం రాని పల్లెలకు సేవలు అందించడానికని టెలికాం కంపెనీలు తమ ఆదాయం లెక్కగట్టి 5 శాతం కడతాయి, 2023 చట్టంతో ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. మనం వేయించే రీచార్జిలోంచి పోయేదే అది. పల్లెలకు తీగ మీద నెట్టు తెచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ ఆ నిధితోనే నడుస్తోంది. 2023 ఆగస్టులో కేంద్రం దాన్ని సవరించి 1,39,579 కోట్లు ఒప్పుకుంది. పంచాయతీ ఆఫీసు లేని పల్లెలకు కూడా అడిగితే లైను ఇస్తామని, పదేళ్లు నిర్వహణ చూస్తామని అందులోనే ఉంది. అడిగితే అన్నారు, గుర్తుపెట్టుకోండి.

నిర్వహణ సంగతి ఎందుకంటే, మా ఊరి పంచాయతీ ఆఫీసులో నెట్టు పెట్టె బిగించి మూడేళ్లయింది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోతే నెట్టూ పోయినట్టే. గాలివానకు స్తంభాల మీద తీగ తెగితే ఒకాయన స్తంభం మాది కాదన్నాడు, ఇంకొకాయన తీగ మాది కాదన్నాడు. ఈలోపు మా పక్కింటావిడ దాని మీద బట్టలు ఆరేసుకుంది!

అందుకే మన పంచాయతీ తీర్మానంలో ఊరికే "నెట్ కావాలి" అని రాయొద్దు. ఏ పల్లె, ఎన్ని ఇళ్లు, పంచాయతీ ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లు, బడి ఉందా, పాలకేంద్రం ఉందా, లైను అడవిశాఖ భూమి దాటాలా అన్నీ రాయాలి. ఆ చివరిది దాచారో, పని అక్కడే ఆగిపోతుంది. తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో, ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాతపూర్వకంగా అడగండి. ఎంపీడీవో గారికి, కలెక్టర్ గారికి ఇచ్చి మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి, ఎంపీ గారికి ఒకటి పంపాలి.

ఈ వివరాలు రాసే పుస్తకం కార్యదర్శి గారి దగ్గరుంది. గిరిజన కాలనీ నుంచి, చెరువు అవతల నుంచి వచ్చినవాళ్లు ముందు రండి, మీ ఇళ్ల లెక్క ఇంకా రాయలేదు.