బొగ్గుకు మ్యాపు, బావికి కొబ్బరికాయ

(హన్మకొండ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక చరిత్ర అధ్యాపకురాలు, రిటైరైన భూగర్భ శాస్త్రవేత్త, నర్సంపేట వైపు రైతు.)

యాంకర్: నమస్కారం. మన నేల లోపల ఏముందో సర్కారు మొదట ఎందుకు చూసింది, ఎవరి కోసం చూసింది? ఇవాళ్టి చర్చ దాని మీదే. మేడం, మీరు మొదలుపెట్టండి.

అధ్యాపకురాలు: నేనైతే హెన్రీ వాయ్‌సేతో మొదలుపెడతాను. నేలను త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన లాంబ్టన్ దొర త్రికోణమితి సర్వేలో ఆయన డాక్టరు, రాళ్లు చూసేదీ ఆయనే. తిరుగుతూ తిరుగుతూ ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పోయాడు. అక్కడ ఉక్కు చేస్తున్నారు. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును పాళ్లు చూసి కలిపి, మట్టి మూసల్లో పెట్టి కాచేవాళ్లు. ఆ మూసలు చేసే మట్టిలో వరి ఊక కలుపుతారు. పర్షియా వ్యాపారి ఒకాయన అక్కడే మకాం వేసి కొంటున్నాడు. వాయ్‌సే 1824లో చనిపోయాడు, ఆయన రాసింది 1832లో అచ్చయింది. అంటే సర్వేవాళ్లు వచ్చి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మన కమ్మరులు చేస్తుంటే చూసి రాసుకున్నారు.

శాస్త్రవేత్త: మేడం, ఒక్క మాట. చూసి రాసుకోవడం వేరు, రాతి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీయడం వేరు. ఆ గీత గీసింది విలియం కింగ్. భారత భూగర్భ సర్వే 1851లో మొదలైతే, కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు చూశాడు. ఆ తర్వాత ప్రాణహిత, గోదావరి లోయ మొత్తం తిరిగి 1881లో పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. ఇప్పటికీ గనుల్లో ఒక బొగ్గు పొరను 'కింగ్ సీం' అంటారు చూడండి, అది ఆయన పేరే.

అధ్యాపకురాలు: దాని వెనకాలే కంపెనీ వచ్చింది, అదీ చెప్పండి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు పోయినయి. లండన్‌లో షేర్ల వ్యవహారం ఎంత కంపు కొట్టిందంటే 1888లో అక్కడి పార్లమెంటు కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది, రైలు బెజవాడ దాకా పోయింది. బొగ్గు కావాల్సింది రైలుకు. మ్యాపు అటే గీశారు.

రైతు: అదే నేనడిగేది కూడా. రైలుకు బొగ్గు జూసిండ్రు, మంచిదే. మరి మా నీళ్లెవలు జూసిండ్రు? మా ఊర్ల ఇప్పటికీ బోరు పాయింటు పెట్టాలంటే అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నడిచేటాయన వస్తడు. కాయ లేచి నిలవడ్డదంటే మిషను దిగుతది. నీళ్లు పడకపోతే కాయది తప్పు గాదు, నా రాత.

(నవ్వులు)

శాస్త్రవేత్త: అన్నా, నీళ్లు అసలే చూడలేదని కాదు. హైదరాబాద్ సంస్థానానికి సొంత భూగర్భ సర్వే ఉండేది. లియోనార్డ్ మన్, తర్వాత ఖుర్షీద్ మీర్జా, సి. మహదేవన్ అందులో చేశారు. ఖనిజాలతో పాటు బావుల పని కూడా వాళ్లకు పట్టింది. అయితే నదుల మీద ఆనకట్టల పనికి దొరికినంత డబ్బు, మనుషులు దీనికి దొరకలేదు. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ చేపట్టిన నిజాంసాగర్ పని 1923లో మొదలైతే 1931కల్లా అయిపోయింది.

యాంకర్: కింగ్ గీసిన గీతకూ ఈయన బోరుకూ సంబంధం ఉందంటారా?

శాస్త్రవేత్త: చాలా ఉంది. ఇక్కడి నుంచి పరకాల దాకా గ్రానైటు. పైన మొరం, దాని కింద పగుళ్ల బండ. నీళ్లు ఆ మొరంలో, పగుళ్లలో ఆగుతాయి. వంద మీటర్లు దాటాక పగుళ్లు బాగా తగ్గిపోతాయి, అంత లోతుకు పోతే చాలాసార్లు దుమ్మే వస్తుంది. భూపాలపల్లి వైపు పోతే బొగ్గుండే ఇసుకరాయి. అది నీళ్లు బాగా పట్టుకుంటుంది. మీ పాఖాల గుట్టలది ఇంకో జాతి, వంద కోట్ల ఏండ్లు దాటిన రాయి. కింగ్ దాన్ని విడిగా గుర్తించి పాఖాల అనే రాశాడు. ఈ మూడింట్లో ఏ రాయి మీద ఉన్నామో తెలియకుండా బోరు వేస్తే డబ్బు మట్టిలో కలిసినట్టే.

రైతు: ఇసుకరాయిల నీళ్లుంటయి అంటున్నరు. మరి బొగ్గుబాయిల రాత్రింబగళ్లు మోటర్లు వెట్టి ఆ నీళ్లనే గద సార్ ఎల్లదోసేది? చుట్టుపక్కల బావులు ఏమైతయి?

శాస్త్రవేత్త: దిగుతాయి. గని నడవాలంటే నీళ్లు తోడక తప్పదు. తోడితే చుట్టూ మట్టం పడిపోతుంది. ఎంత దూరం పడిపోతుందనేది పొరల వాలు, పగుళ్ల మీద ఆధారపడుతుంది.

అధ్యాపకురాలు: మన దగ్గర గ్రానైటు నేలకు సరిపోయే లెక్క అంతకుముందే ఉంది కదండీ, గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దుంకితే కిందిది నిండుతది. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించింది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలుపెట్టేటప్పుడు లెక్క తీస్తే రాష్ట్రంలో 46,531 చెరువులు. బయ్యారం అంటే ఇప్పుడు అందరికీ ఇనుప ఖనిజమే గుర్తొస్తుంది, చెరువు గుర్తురాదు.

యాంకర్: బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ...

శాస్త్రవేత్త: 2014 విభజన చట్టంలో రాసింది ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టొచ్చో లేదో పరిశీలించమని. పెడతామని కాదు. బయ్యారం ఎటూ తేలక ఇన్నేండ్లు నలిగింది ఆ తేడా దగ్గరే. ఖనిజం ఉండటం ఒకటి, గిట్టుబాటు కావడం ఇంకొకటి. దాని మీద ఇంకోసారి కూర్చుందాం.

రైతు: చెరువు నిండితే బావి ఊరుతది, ఆ సంగతి మాకు ఎవలు చెప్పక్కర లేదు. పూడిక తీసిన ఏడాది చెరువు కింద బావులల్ల మట్టం జర పైకొచ్చింది. గానీ శిఖంల, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగల, ప్లాట్లు చేసిన కాడ ఏ సర్వే పనికొస్తది సార్?

(యాంకర్ అధ్యాపకురాలి వైపు చూశారు. ఆమె తలూపారు, ఏమీ అనలేదు.)

యాంకర్: చివరగా ఒక పనికొచ్చే ముచ్చట. ఈయన తన ఊరి మ్యాపు చూడాలంటే ఎక్కడ చూడాలి?

శాస్త్రవేత్త: భూగర్భ సర్వేవాళ్లకు 'భూకోశ్' అని పోర్టలుంది. 50 వేల స్కేలు మ్యాపులు అందులో ఉంటాయి. ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మీ రెండెకరాలు అందులో ఆవగింజంతే. ఏ రాయో తెలుస్తుంది, అంతే. పాయింటు కోసం మళ్లీ చేనులోకి రెసిస్టివిటీ మీటరు, అంటే నేలలోకి కరెంటు పంపి లోపలి పొరలను అంచనా వేసే పరికరం, దిగాల్సిందే.

రైతు: మీటరాయన మా చేను దాకా వస్తడా మరి?

శాస్త్రవేత్త: భూగర్భ జల శాఖలో దరఖాస్తు ఇవ్వండి, మండలం పేరు, సర్వే నంబరు రాసి.

రైతు: ఇస్త. ఆయన వచ్చేదాకా కొబ్బరికాయాయన నంబరు మాత్రం డిలీట్ జెయ్య.