డక్కీ పట్టుకున్న శ్రోత

పెద్దలకు, కళాకారులకు, ఎండను లెక్కచేయకుండా దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి నల్లగొండకు వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం విప్లవ భావాల ర్యాప్ సంగీతం, దాని మీద వామపక్ష శ్రోతల మధ్య చెలరేగిన వివాదాలు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధుల్లో 1970లలో పుట్టిన ఆ ప్రక్రియలోకి వెళ్లేముందు, మనకు బాగా తెలిసిన బుర్రకథ దళాన్ని ఒకసారి కళ్ల ముందు నిలుపుకోవాలి. నడుమ తంబుర మీటే కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. వంతల పని తందాన తాన అనడంతో తీరదు. కథకుడు ఎక్కడ అతిశయోక్తికి పోయినా హాస్యం ఎగతాళి చేస్తుంది, రాజకీయం నిలదీస్తుంది. 1946–51 నాటి సాయుధ పోరాట కాలంలో ఈ జిల్లా పల్లెల్లో బుర్రకథ, సుద్దాల హనుమంతు చేపట్టిన గొల్లసుద్దుల వంటి రూపాలు జనాన్ని కదిలించాయంటే, అందులో దొరను తిట్టిన తిట్ల బలం ఎంత ఉందో, వేదిక మీదనే ప్రశ్నకు చోటుండడం వల్ల కలిగిన నమ్మకం కూడా అంతే ఉందని నా అభిప్రాయం.

ర్యాప్‌లోనూ వంత ఉన్నాడు. అమెరికాలోని పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందంలో చక్ డీ గంభీరంగా నల్లజాతి రాజకీయం చెబుతుంటే, మెడలో పెద్ద గడియారం వేలాడదీసుకున్న ఫ్లేవర్ ఫ్లేవ్ పక్కన కోతిచేష్టలు చేస్తూ పాదం చివర అందుకునేవాడు. మన హాస్యగాడికి అతడు దూరపు చుట్టమనిపిస్తుంది. కాని అదే బృందంలో సమాచార మంత్రి అని పిలిపించుకున్న ప్రొఫెసర్ గ్రిఫ్ 1989లో ఒక పత్రికతో మాట్లాడుతూ, లోకంలోని దుర్మార్గంలో అధిక భాగానికి యూదులే కారణమన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించినప్పుడు, అతణ్ణి నిలదీయగల వంత ఆ బృందంలో కనిపించలేదు. చక్ డీ అతణ్ణి తొలగించినట్టు ప్రకటించి, తర్వాత మాటలు మార్చి, చాలాకాలం తడబడ్డాడు. ఆ పాటలను తమ పాటలుగా పాడుకున్న వామపక్ష శ్రోతలు చీలిపోయారు. పీడితుడి కోపంలో దొర్లిన పొరపాటుగా దాన్ని చూడాలని కొందరు వాదించారు. దోచుకునే వ్యవస్థను వదిలేసి ఒక జాతిని వేలెత్తి చూపడం కోపం కాదు, కోపాన్ని దారి తప్పించడమని మరికొందరు అన్నారు. నేను రెండో వారి పక్షం.

ఇంతకన్నా చిక్కయినది ఇమ్మోర్టల్ టెక్నిక్ అనే ర్యాపర్ విషయం. పెరూలో పుట్టి న్యూయార్క్‌లోని హార్లెంలో పెరిగిన ఇతడు పెద్ద సంగీత కంపెనీలకు లొంగకుండా, సామ్రాజ్యవాదాన్ని పేరు పెట్టి తిట్టాడు. ఆ నోటితోనే స్వలింగ ప్రేమికులను కించపరిచే మాటలు వాడాడు, ప్రత్యర్థిని ఆడదానితో పోల్చి చులకన చేశాడు. ఇది అమెరికా జబ్బు అని తీసిపారేయడానికి మనకు అర్హత లేదు. పనిచేయని అధికారికి గాజులు, చీర పంపించే ధర్నాలు మన దగ్గర ఎన్ని జరగలేదు? ఆ చప్పట్లలో నా చప్పట్లు కూడా ఉన్నాయి. గాజులు తొడుక్కున్న చేతులే నాట్లు వేసి, కలుపు తీసి, పాలమూరు నుంచి బొంబాయి దాకా వలస వెళ్లి మట్టి మోశాయన్న సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

స్పెయిన్‌లో పాబ్లో హాసెల్ అనే కమ్యూనిస్టు ర్యాపర్‌ను, ఉగ్రవాదాన్ని కీర్తించాడని, రాచరికాన్ని అవమానించాడని 2021 ఫిబ్రవరిలో జైలుకు పంపినప్పుడు కూడా వాదన లేచింది. పాటకు జైలు శిక్ష వేయడాన్ని ఎదిరించాలి. అంతమాత్రాన ఆ పాటలోని ప్రతి మాటనూ నెత్తిన పెట్టుకోనవసరం లేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే ఆ చర్చ సగం పాడైంది.

మళ్లీ ఇమ్మోర్టల్ టెక్నిక్ దగ్గరికే వస్తాను. అతడి మొదటి ఆల్బంలో, 2001లో వచ్చిన ఒక కథాగానం ఉంది. ముఠాలో చేరాలని తహతహలాడే కుర్రవాడు తన మగతనాన్ని రుజువు చేసుకోవడానికి మిగతావారితో కలిసి ఒక స్త్రీ మీద అత్యాచారానికి తెగబడతాడు. ఆమె ముఖం మీది ముసుగు తొలగించాక ఆమె తన తల్లి అని తెలిసి మిద్దె మీది నుంచి దూకి చనిపోతాడు. ఆ రాత్రి తానూ అక్కడ ఉన్నానని చివరలో కథకుడే ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు వల్ల వింటున్నవాడు కూడా నేరంలో భాగస్వామి అవుతాడని మెచ్చుకున్నవారున్నారు. మగవాడికి బుద్ధి చెప్పడానికి మళ్లీ స్త్రీ శరీరాన్నే వాడుకున్నారని తప్పుబట్టినవారున్నారు. చాలా ఏళ్లు నేను మొదటి మాటే చెబుతూ వచ్చాను.

కొంతకాలం కిందట ఈ కథను మన జిల్లాలోనే కొందరు డిగ్రీ విద్యార్థులకు వివరించాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆమె తల్లి కాకపోయుంటే వాడు దుంకుతుండెనా?" అని అడిగింది. నేను చేతిలోని కాగితాలు సర్దుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.