రానివాళ్ల రిజిస్టరు

అందరికీ నమస్కారం. వెనక గోడకానుకుని నిలబడ్డ ఆశాలు, ఏఎన్ఎంలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా మీ గురించే.

చేసే పనిలోంచే రీసెర్చ్ చెయ్యడం ఎలా నేర్చుకోవాలో మాట్లాడమన్నారు. రీసెర్చ్ అంటే మనకి గుర్తొచ్చేదేమిటి? ఎక్కడినుంచో ఇద్దరొస్తారు, మనచేత ఫారాలు నింపిస్తారు, టీ తాగి వెళ్లిపోతారు. వాటిలో ఏం తేలిందో మన చెవిదాకా రాదు. పల్లె పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో నేనూ అది మన పని కాదనే అనుకున్నాను.

నా మొదటి ప్రయత్నం ఎలా బోర్లాపడిందో ముందు చెప్తాను. మా దగ్గర బీపీ మాత్రలకి పేరు రాయించుకున్నవాళ్లలో చాలామంది రెండు మూడు నెలలు తిరిగేసరికి రావడం మానేసేవారు. ఎందుకో కనుక్కుందామని ఒక పేజీ ప్రశ్నలు రాసుకుని, ఓపీ వరసలో నిలబడ్డవాళ్లని అడిగాను. "బద్ధకమండీ", "మరిచిపోతారండీ", "చదువులేని మనుషులు కదండీ" అన్నారు. బాగానే వచ్చిందనుకుని పట్టిక గీసి, ట్రైనింగ్‌లో మాకు పాఠం చెప్పిన మేడమ్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "వీళ్లంతా వచ్చినవాళ్లేనా?" అన్నారు. అవునన్నాను. "పెళ్లికి రానివాళ్లు ఎందుకు రాలేదో బంతిలో కూర్చుని భోంచేస్తున్నవాళ్లని అడిగావన్నమాట!"

సిగ్గేసింది. ఈసారి రిజిస్టరు చంకన పెట్టుకుని రానివాళ్ల ఇళ్లకి నడిచాను. సాయంత్రాలు డ్యూటీ దిగాక మూడు వారాలు పట్టింది. ఒకాయన పేరు రెండు చోట్ల ఉంది, ఇంటిపేరుతో ఒకసారి, లేకుండా ఒకసారి. మనిషి నెలనెలా వస్తూనే ఉన్నాడు, రానిది ఆయన రెండో పేరు. రెండు ఇళ్లకి తాళాలు, కూలికి హైదరాబాద్ వలసపోయారు. ఒక పెద్దావిడ మాత్రం నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "పది రోజులకి మాత్రలిస్తావు. పది రోజులకోసారి కూలి మానుకుని రమ్మంటావు. బీపీ పెరగక ఏం చేస్తుందమ్మా?" అంది.

స్టాకు తక్కువొచ్చినప్పుడు అందరికీ అందాలని, నెలకివ్వాల్సిన మాత్రల్ని పది రోజులకి కట్టింది నేనే. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఎవరు ఎందుకు రావట్లేదని ఊరంతా అడుగుతూ తిరిగితే జవాబు నా బల్లమీదే దొరికింది.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. 1959లో బెంగళూరులో నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పల్లెజనానికి క్షయ గురించి తెలియదు, దగ్గొస్తే పట్టించుకోరు అని అప్పటి పెద్దల నమ్మకం. అక్కడ పనిచేసిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లాలో రోగుల్నే వెతికి పట్టుకుని అడిగారు. 1963లో అచ్చయిన ఆ పని చెప్పిందేమిటంటే, జబ్బు లక్షణాలు చాలామందికి తెలుసు, తెలిసి దిగులుపడుతున్నారు, వాళ్లలో సుమారు సగంమంది అప్పటికే ఆస్పత్రి గడప తొక్కారు కూడా. కళ్లె పరీక్ష చెయ్యకుండా దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపిందెవరు? మనమే. అందుకే టీబీ పరీక్షని మామూలు ఆస్పత్రుల్లోనే పెట్టాలన్న మాటకి బలమొచ్చింది. మొన్నమొన్నటిదాకా మందులు ఆపేసినవాళ్లని మన రిజిస్టర్లలో "డిఫాల్టర్" అని రాసేవాళ్లం, బ్యాంకు అప్పు ఎగ్గొట్టినట్టు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట తీసేసింది. కొందరి నోట ఇంకా వినిపిస్తోంది లెండి, నా నోట కూడా అప్పుడప్పుడూ.

ఇక కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోదే. ఆ జిల్లాలో రాణీ బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986లో 'సెర్చ్' అనే సంస్థ మొదలుపెట్టారు. రాణీ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లని పరీక్ష చేస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉందని 1989లో తేల్చారు. అంతకుముందు ఎవరికైనా చూపించుకున్నవాళ్లు వాళ్లలో 8 శాతమే. ఆస్పత్రి రిజిస్టరు తిరగేస్తే కనపడేది ఆ ఎనిమిదే కదా! మిగతావాళ్లకి జబ్బే లేదనుకునేవాళ్లం.

అదే చోట పిల్లల న్యుమోనియా పని జరిగింది. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే న్యుమోనియా పట్టుకోవచ్చు. కానీ ఊళ్లో మంత్రసానికి అంత పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాదు. మనమైతే "చదువురానివాళ్లు, లాభం లేదు" అని రాసి పక్కన పెట్టేవాళ్లం. బంగ్ దంపతులు నిమిషం ఇసుక గడియారం ఒకటి, పూసల వరసలు కలిపి చిన్న పనిముట్టు తయారుచేశారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక అయ్యేలోపల ఎర్రపూస దాకా వస్తే మందు మొదలుపెట్టాలి. నాకు ఈ కథలో నచ్చేది పూసలు కూడా కాదు. "ఆమెకి లెక్క రాదు" అన్న మాటని "మన పద్ధతి ఆమెకి పనికిరాదు" అని తిరగరాసుకోవడం.

తర్వాత ఊరి ఆడవాళ్లకే నేర్పి పుట్టిన బిడ్డల్ని ఇంటిదగ్గరే కనిపెట్టుకునే పద్ధతి పెట్టారు. 39 ఊళ్లలో అది నడిపి, అది లేని 47 ఊళ్లతో పోల్చి చూస్తే మూడో ఏడాదికి పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2011లో దేశమంతా పథకమైంది. 3, 7, 14, 21, 28, 42 అంటే ఏమిటో ఆశాలని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు. ఆస్పత్రిలో కాన్పైన బిడ్డ దగ్గరికి మీరెళ్లే రోజులవి. మీ కాళ్ల కింద ఉన్న దారి అలా పడింది.

సరే, నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే మీ రిజిస్టరుని నమ్మకపోవడంతో. బీపీ కాలమ్ తీసి చివరి అంకెలు చూడండి. 120/80, 130/80, 140/90, పేజీ నిండా సున్నాలే. పాదరసం మిషన్ మీద గీతలు రెండేసి ఎమ్మెమ్‌కి ఒకటి ఉంటాయి కదా, నిజంగా చూసి రాస్తే 2, 4, 6, 8 కూడా ఇంచుమించు సున్నాతో సమానంగా రావాలి. ఎందుకు రావట్లేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు, నెలాఖరు రిపోర్టుకి ఇంకా బాగా తెలుసు. ఆ కాలమ్‌తో ఎంత పెద్ద స్టాటిస్టిక్స్ చేసినా ఉపయోగం లేదు. ఒక్క వారం సరిగ్గా కొలిచి రాస్తే, ఐదేళ్ల పాత లెక్కలకంటే నేనదే తీసుకుంటాను.

రెండోది, అడగడం. పరాయివాళ్లు వచ్చి అడిగితే మన పేషెంటు "నాకిష్టం లేదు" అనగలడు. మనం అడిగితే అనలేడు. రేపు సూది వేయించుకోవాల్సింది మన చేతనే కదా. "మేడమ్ అడిగితే కాదంటానా" అని ఎవరన్నా అంటే అది ఒప్పుకోవడం కాదని గుర్తుపెట్టుకోండి. కాగితం మీద వేలిముద్ర వేసినా సరే. వీలైతే మీ ఊరి ప్రశ్నలు పక్క సబ్‌సెంటర్ ఏఎన్ఎం చేత అడిగించండి, ఆమెవి మీరు అడగండి. మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చ్‌లో మనుషులకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, అనుమతి తీసుకోవాలి. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017లో తెచ్చిన మార్గదర్శకాల పుస్తకం ఉంది, పెద్దదే గానీ చదవండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఇవాళే మానెయ్యండి. దానికి ఏ కమిటీ చెప్పక్కర్లేదు.

నా పది రోజుల మాత్రలు ఏమయ్యాయని అడుగుతారేమో. మా డాక్టరుగారికి చూపిస్తే ఆయన స్టాకు ఇండెంట్ మార్చి రాశారు. దూరం ఊళ్లవాళ్లకి, కూలికి పోయేవాళ్లకి ముందు నెల మాత్రలు కట్టాం. కొందరు తిరిగి వచ్చారు. కొందరు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కునేలోపల నాకు బదిలీ అయింది. నా తర్వాత వచ్చినావిడకి ఆ నోట్‌బుక్ ఇచ్చి వచ్చాను.

ఇక మీరడగండి. మైకు ముందు ఆశాల దగ్గరికి పంపించండి బాబూ, డాక్టర్లు తర్వాత అడుగుతారు.